పరీక్షలు, ఫలితాలు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం

పరీక్షా ఫలితాలు వెలువడిన నాడు భీమడోలు నుండి తాడేపల్లిగూడెం వరకు ఏ ఇంటి అరుగు మీద చూసినా మార్కుల ప్రసక్తే వినబడుతుంది. మార్కులు వచ్చిన ఇంట మిఠాయిలు పంచుకుంటారు. రాని ఇంట ఆ పూట పొయ్యి వెలగదు. పరీక్ష తప్పడంతోనే బ్రతుకు తప్పిపోయిందనుకొని ప్రతి ఏడూ కొందరు పసివారు అఘాయిత్యానికి ఒడిగట్టడం మనం చూస్తూనే ఉన్నాము. పరీక్ష అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి బడిలో రాసేది, రెండవది బ్రతుకులో ఎదురయ్యేది. ఉర్దూ విభాగపు మిత్రులు వాడే ఇమ్తెహాన్ అనే మాటకూ ఈ రెండర్థాలే ఉండడం విశేషం. మొదటి పరీక్షలో నెగ్గినవాడు రెండవదానిలోనూ నెగ్గుతాడా అన్న సందేహం తీర్చుకోవడానికి మనం దూరదేశాల మహనీయుల చరిత్రలు తిరగవేయనక్కరలేదు. తాడేపల్లిగూడెం మీదుగా భీమవరం వెళితే చాలు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న ఆనాటి గోదావరి జిల్లాలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానం పెద్దది, సంపాదన చిన్నది. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద కన్న ధనార్జన మీద మక్కువ ఎక్కువగా ఉండేదట. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడనవుదామని ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోనే పట్టుబడి ఇంటికి చేరాడు. తల్లి అతనిని మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. ఆ తల్లి పట్టుదలే లేకుంటే ఈ వ్యాసం వ్రాసే అవసరమే ఉండేది కాదు.

బడిలో కూర్చున్నంత మాత్రాన చదువు సాగలేదు. భీమవరంలోను, రాజమహేంద్రవరంలోను చదివిన కాలంలో ఇంటిని వ్యాధులు, మరణాలు చుట్టుముట్టాయి. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండు పర్యాయాలు తప్పారు. మదరాసు హిందూ హైస్కూలులో చేరి మూడవ పర్యాయం ఉత్తీర్ణులయ్యారు. నేటి విద్యార్థులు ఈ ఒక్క విషయాన్నే పట్టుకొని, తప్పిన ప్రతివాడూ సుబ్బారావు అవుతాడని మురిసిపోతే పొరపాటు. పరీక్ష తప్పినవారు ఆ సంవత్సరాల్లో వేలమంది ఉండి ఉంటారు. మూడవసారి అదే పుస్తకం ముందు కూర్చున్నవారు ఎందరు?

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించిన పిమ్మట ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. తల్లి సన్న్యాసానికి సమ్మతించలేదు. వైద్యుడై సేవ చేయవచ్చునన్న సలహా మేరకు మదరాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహం జరిగింది. వైద్య విద్యకు మామగారు ధనసహాయం చేశారు.

అక్కడ మరొక రకమైన పరీక్ష ఎదురయింది. గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లసాగారు. ఆ శాఖ ఆచార్యుడైన ఆంగ్లేయుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంటగింపయింది. వ్రాత పరీక్షలు బాగుగానే వ్రాసినా, సుబ్బారావుగారికి దక్కింది ఎం.బి.బి.ఎస్. పట్టం కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. పట్టా మీద కనబడే అక్షరాలలో ఎంత భాగం విద్యార్థి ప్రతిభ, ఎంత భాగం పరీక్షకుని ఇష్టాయిష్టాలు అన్నది ఆనాడూ ఎవరూ విడదీసి చూపలేదు. ఆ పట్టాతో మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం ప్రయత్నిస్తే లభించలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకుడిగా కుదురుకున్నారు. ఆ రోజులలోనే స్ప్రూ అనే జీర్ణకోశవ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్దిరోజుల వ్యవధిలో బలిగొన్నది. తామూ ఆ వ్యాధికి గురై, ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బయటపడ్డారు. రోగానికి మందు తెలియకపోవడం అంటే ఏమిటో ఆయనకు పుస్తకం చెప్పనక్కరలేకపోయింది.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ వారి సహాయం, మామగారి సహాయం కూడగట్టుకొని, గర్భవతియైన భార్యను విడిచి, 1920 దశకం తొలినాళ్లలో ఆయన అమెరికా ఓడ ఎక్కారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే కొలువు. మదరాసులో వైద్యుడనిపించుకున్నవాడు పరదేశంలో ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు.

డిప్లొమా అనంతరం జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ఆరంభించారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో నీలివర్ణపు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇరువురూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది నేటికీ జీవరసాయన శాస్త్ర గ్రంథాలలో ఉన్నది. ఆ కొలమానం చేతికి రాగానే కండరాలలో అంతకుముందు ఎవరికీ కనబడని పదార్థం కనబడింది. అది ఫాస్ఫోక్రియాటిన్; 1927లో వెల్లడయింది. కండరానికి శక్తినిచ్చేది లాక్టిక్ ఆమ్లమన్న ఆనాటి సిద్ధాంతం, 1922 నాటి నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞులది, దీనితో కదిలిపోయింది. 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడ దానిని కనుగొన్నాడు. సకల జీవకణాలకు శక్తి అందించే పదార్థమది. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. పట్టమిచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. తన పనిని తాను చాటుకోవడం ఆయనకు చేతకాదు. కీర్తి పంపకం జరిగేచోట వెనుక వరుసలో నిలబడేవారు. ఇది ఆయనలోని సుగుణమని మన పెద్దలు వ్రాస్తారు. నాకు మాత్రం ఇది మరొక పరీక్షలో తప్పడమే అనిపిస్తుంది. లోకం పెట్టే పరీక్షలలో గుర్తింపు ఒకటి. దానికి ఆయన హాజరే కాలేదు.

1940లో లెడర్లె ఔషధ పరిశోధనాలయానికి తరలివెళ్లారు. అక్కడ గడిపిన ఎనిమిది సంవత్సరాలలో ఆయన నాయకత్వాన జరిగిన పని ఒక మనిషి జీవితానికి సరిపడేది కాదు. గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టు సారంతో మేలు కలుగుతుందని బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు అంతకు పదేండ్ల క్రితమే గమనించింది. ఆ గుణం గల పదార్థమే ఫోలిక్ ఆమ్లం. 1945 నాటికి సుబ్బారావుగారి బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడ అది మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరోధియైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకిస్తే, 10 మందికి తాత్కాలికంగానైనా రోగం వెనుకకు తగ్గింది. ఆ వివరాలు 1948లో ప్రచురితమయినాయి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేడు లోకమంతట వాడుకలో ఉన్నది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను వృద్ధ శాస్త్రజ్ఞుడు డగ్గర్ కనుగొన్నది కూడ ఆ పరిశోధనాలయంలోనే.

వీటన్నిటికంటె మన కొల్లేటి ప్రాంతీయులు ముందుగా తెలుసుకోదగినది హెట్రజాన్ సంగతి. కాలువలు, మురుగు గుంటలు, దోమలు ఉన్న డెల్టాలో బోదకాలు తరతరాల శాపం. ఏనుగుకాలు ఈడ్చుకుంటూ నడిచేవారిని మన తాతల తరం ప్రతి సంతలోను చూసింది. మురికినీటి దోమ కుట్టినపుడు ప్రవేశించే సన్నని పురుగులు శరీరంలో పెరిగి పిల్లలను పెడతాయి. ఆ పిల్లపురుగులు పగలు దాగి రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట తలుపు తట్టి వేలినుండి రక్తపు చుక్క తీసుకునేవారు. ఆ పురుగులను చంపే డైఇథైల్ కార్బమజీన్ అనే మందును 1947లో సుబ్బారావుగారి బృందం ప్రకటించింది. దాని వ్యాపారనామమే హెట్రజాన్. ఏళ్ల తరబడి వాచిపోయిన కాలును అది తగ్గించలేదు. కాలు వాయకముందే పురుగును తుదముట్టించి, మరొకరికి అంటకుండ చేయగలదు. 1955లో భారత ప్రభుత్వం ఆరంభించిన ఫైలేరియా నివారణ కార్యక్రమానికి ఆ మందే ఆధారమయింది. 2004 నుండి కోస్తా జిల్లాలలో ఇంటింటికి పంచిన మాత్రలూ అవే.

భీమవరంలో పుట్టి పరీక్ష తప్పిన కుర్రవాడు భీమవరపు రోగానికి మందు పంపాడు. తాను మాత్రం తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు నెలల బిడ్డగానే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరిగారు భర్త రాకకై పాతికేళ్లు ఎదురుచూశారు. ఆయన జీవితం జయమా అని అడిగితే, హార్వర్డ్ వారు ఒక జవాబు చెబుతారు, క్యాన్సర్ వార్డులో కోలుకున్న బిడ్డ తల్లి మరొకటి చెబుతుంది. శేషగిరిగారిని అడిగిన వారెవరూ లేరు.

1948 ఆగస్టు 8న న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, 53వ యేట, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఆయన పేరిట ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని నామకరణం చేశారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలాబిళ్ల విడుదల చేసింది. ఆ బోద మాత్రలు మింగిన మన ఊళ్లవారిలో ఆయన పేరు విన్నవారు బహు కొద్దిమంది.