యల్లాప్రగడ సుబ్బారావు
యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 1948) భీమవరంలో జన్మించిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు.

కార్బాలిక్ ఆమ్లం వంటి క్రిమిసంహారకాలు సూక్ష్మజీవులతోబాటు శరీర కణాలనూ చంపుతాయి. కనుక వాటిని రక్తంలోనికి ఎక్కించరాదు. శరీరం లోపల వాడదగిన మందుకై సుబ్బారావు బృందం మట్టి నమూనాలను గాలించింది. అందులోని వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ 1945లో, మిస్సోరి మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ మందులలో ఇదే మొదటిది. ఇది బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని అడ్డుకొని, వాటి పెరుగుదలను ఆపుతుంది. మిగిలిన పనిని శరీరపు రక్షణ వ్యవస్థ పూర్తిచేస్తుంది. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ జ్వరాన్ని సైతం ఇది నయం చేసింది.

ఈ ఆవిష్కరణ డగ్గర్ పేరుననే నమోదైనది. అది న్యాయమే. అయితే ఆ అన్వేషణను నడిపించినది సుబ్బారావు. 1948లో ఈ మందు ప్రపంచానికి తెలిసింది, అదే సంవత్సరం ఆయన అమెరికాలో మరణించారు.