పద్మనాభంలో నేలకొరిగిన చిన విజయరామరాజు

బొబ్బిలి కథ తెలియనివారు మన జిల్లాల్లో ఉండరు. బుర్రకథగా విన్నాం, సినిమాగా చూశాం. 1757లో తాండ్ర పాపారాయుడి చేతిలో మరణించిన విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు అందరికీ గుర్తే. 37 ఏళ్ల తరువాత యుద్ధభూమిలోనే ప్రాణం విడిచిన చిన విజయరామరాజు గురించి మాత్రం మనం చెప్పుకునేది తక్కువ.

పెద విజయరామరాజు తరువాత గద్దెనెక్కిన ఆనందరాజు 1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారికి ఎదురుగా ఇంగ్లీషువారి పక్షాన నిలిచారు. 1760లో ఆయన రాజమండ్రిలో మశూచితో కన్నుమూశారు. అప్పుడు పెద విజయరామరాజు రాణి, పూసపాటి వంశంలోని వెంకటపతిరాజు అనే పన్నెండేళ్ల బాలుణ్ణి దత్తత తీసుకుని, భర్త పేరే పెట్టారు. ఆ బాలుడే మన చిన విజయరామరాజు.

పేరుకు ఆయన రాజు. అధికారమంతా సవతి అన్న సీతారామరాజుది. దివానుగా సైన్యం, ఖజానా, కోటలు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. సీతారామరాజు సమర్థుడే. ఆయన హయాంలో చుట్టుపక్కల జమీందారీలెన్నో విజయనగరానికి లోబడ్డాయి. తమ్ముడు పెద్దవాడై ఈ పెత్తనం వద్దన్నా ఫలితం లేకపోయింది. 1778లో మద్రాసు గవర్నరు రంబోల్డు రాజును అక్కడికి పిలిపించి, అన్ననే మళ్లీ దివానుగా ఒప్పుకొనేలా చేశాడు. ఆ వ్యవహారం తరువాత ఇంగ్లండు పార్లమెంటు దాకా వెళ్లింది. ఒక ఇంటి తగవు అంత దూరం పోవడం ఆశ్చర్యమే!

చివరకు 1793లో కంపెనీ సీతారామరాజును మద్రాసుకు పంపివేసింది. కానీ అప్పటికే పేష్కషు బకాయి ఎనిమిది లక్షలు దాటింది. ఆ సంవత్సరమే జమీందారీని కంపెనీ స్వాధీనం చేసుకుని, నెలకు 1,200 రూపాయల భత్యంతో మచిలీపట్నం వెళ్లి ఉండమని రాజును ఆదేశించింది. పన్నెండో ఏట నుండి ఇతరుల మాట మీదే నడిచిన ఆ రాజు ఈసారి వినలేదు. మచిలీపట్నం దారి పట్టక, తన వారితో గోస్తనీ నది దగ్గరున్న పద్మనాభం చేరి అక్కడే నిలిచారు. దాదాపు నాలుగు వేల మంది ఆయన వెంట ఉన్నారు.

1794 జూలై 10న తెల్లవారకముందే కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సుమారు 750 మంది సిపాయిలతో వారిపై పడ్డాడు. పోరు గంట సేపు కూడా సాగలేదు. రాజు మరణించారు. ఆయన చుట్టూ మూడు వందల మందికి పైగా నేలకొరిగారు. వారిలో మన ప్రాంతపు రాచకుటుంబాల వారు ఎందరో ఉన్నారు.

కుమారుడు నారాయణబాబు అప్పటికి చిన్నపిల్లవాడు. కొండ ప్రాంతపు జమీందారులు అతన్ని కాపాడారు. వారి అలజడి చూసి కంపెనీ దిగివచ్చి, జమీందారీలో కొంత భాగం అతనికి తిరిగి ఇచ్చింది. 1802లో శాశ్వత పైకం అయిదు లక్షలుగా నిర్ణయించింది. విజయనగరం చేతిలోంచి జారిన భాగాల్లో బొబ్బిలి ఒకటి. అది 1757 యుద్ధం నాడు పసివాడిగా ప్రాణాలతో బయటపడిన చిన రంగారావుకే దక్కింది. నారాయణబాబు మాత్రం 1845లో కాశీలో కన్నుమూశారు.