విద్యాసంస్కర్త పి.వి. నరసింహారావు

పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1921వ సంవత్సరము జూన్ 28వ తేదీన వరంగల్లు ప్రాంతమునందలి లక్నేపల్లి గ్రామమున జన్మించిరి. వంగర గ్రామమునకు దత్తు వెళ్లి అచ్చట పెరిగిరి. ఆ కాలమున తెలంగాణము నిజాము ఏలుబడిలో నుండెను.

ఆనాడు తెలంగాణమునకంతటికి ఉస్మానియా విశ్వవిద్యాలయ మొక్కటియే యుండెను. అది 1918లో నిజాము ఫర్మానాచే ఏర్పడి, ఉర్దూ భాషలో విద్య గరపుచుండెను. దాని పాలన ప్రభుత్వము చేతిలోనిది. 1938లో విద్యార్థులు వందేమాతర గీతమును పాడగా అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మెకు పూనుకొనిరి. వరంగల్లులో ఇంటర్మీడియట్ చదువుచున్న నరసింహారావుగారును అందు పాల్గొని కళాశాలనుండి బహిష్కృతులైరి. వందలకొలది విద్యార్థుల చదువు నడుమ నాగిపోయెను. అట్టి సమయమున నాగపూరు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులగు కేదార్‌గారు వారిలో అనేకులకు ప్రవేశ మొసగిరి. ఒక విశ్వవిద్యాలయము ప్రభువు మాటకు లోబడి ద్వారము మూసెను. మరియొకటి తన నిర్ణయము తాను చేసికొని ద్వారము తెరచెను. నరసింహారావుగారు నాగపూరు, పూనా నగరములలో చదివి న్యాయశాస్త్ర పట్టభద్రులైరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప వారు శాసనసభ్యులై, 1968 నుండి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ విద్యామంత్రిగా పనిచేసిరి. ఉన్నతవిద్య సామాన్యులకు అందవలెనన్న అది వారి భాషలో నుండవలెనుగదా! అందులకై 1968లో తెలుగు అకాడమీ ఏర్పడగా, వారే దానికి అధ్యక్షులైరి.

1976లో వరంగల్లునందే కాకతీయ విశ్వవిద్యాలయము వెలసెను. ఇట్లు దేశమందెల్లెడల విశ్వవిద్యాలయములు పెరిగినకొలది వాటి పాలన చిక్కుసమస్య యయ్యెను. ఒక్కొక్కదాని క్రింద అనేక కళాశాలలు చేరెను. పాఠ్యక్రమమున చిన్న మార్పు చేయుటకైనను కళాశాలకు స్వేచ్ఛ లేకుండెను. ప్రజాధనముతో నడచు ఈ సంస్థలలో చదువు ఎట్లున్నదో పరిశీలించి ప్రజలకు తెలుపు జాతీయసంస్థయు లేకుండెను.

1985లో నరసింహారావుగారు కేంద్ర మానవవనరుల అభివృద్ధి మంత్రియైరి. వారి కాలముననే 1986లో నూతన జాతీయ విద్యావిధానము పార్లమెంటు ఆమోదము పొందెను. అర్హతగల కళాశాలలు పాఠ్యక్రమమును, పరీక్షలను తామే నిర్ణయించుకొనవచ్చునని అది చెప్పెను. స్వేచ్ఛతోబాటు బాధ్యతయు నుండవలెనని, విద్యాసంస్థల పనిని మదింపు చేయవలెనని విధించెను. సాంకేతికవిద్య పర్యవేక్షణకు 1987లో చట్టము వచ్చెను. వారు ప్రధానమంత్రిగా నున్న 1994లో బెంగుళూరున జాతీయ మదింపు మండలి స్థాపితమయ్యెను. విద్యాసంస్థ తన మంచిచెడ్డలను తానే వ్రాసి యిచ్చెడిది. బయటి విద్వాంసులు వచ్చి పరిశీలించెడివారు. పిదప మండలి దానికి శ్రేణి నిర్ణయించెడిది.

ఈ మార్పులను అందరును ఆదరింపలేదు. స్వయంప్రతిపత్తి పేర యాజమాన్యములు నిరంకుశములగునని కొన్ని అధ్యాపక సంఘములు భయపడెను. స్వతంత్ర కళాశాలల సంఖ్యయు తలచినంత వేగముగా పెరుగలేదు. అయినను ఆ రెండు సూత్రములు నిలిచియున్నవి.

నరసింహారావుగారు 2004 డిసెంబరు 23వ తేదీన ఢిల్లీలో మరణించిరి. 2024లో ప్రభుత్వము వారికి భారతరత్న బిరుదము నర్పించెను. స్వేచ్ఛ లేనిచోట విద్య వికసింపదు. అడుగువారు లేనిచోట అది నిలువదు. ఈ రెంటిని సమముగా కాపాడుటయే విశ్వవిద్యాలయముల నేలువారి ధర్మము.