చెక్కకాలి కుమ్మరి

మినీ ప్రాజెక్టులో వదులైన వైరుకి టేపు చుట్టేసి, డెమో గట్టెక్కితే చాలనుకున్నాను. ఆ రాత్రే జోసయా వెడ్జ్‌వుడ్ గురించి చదివాను. చార్లెస్ డార్విన్ వాళ్లమ్మకి నాన్న ఇతనే.

1730లో ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో కుమ్మరుల ఇంట పుట్టాడు. చిన్నప్పుడు మశూచి సోకి మోకాలు దెబ్బతింది. 1768లో కుడికాలు తీసేశారు. మరుసటి ఏడాదే ఎట్రూరియా ఫ్యాక్టరీ తెరిచాడు. నచ్చకపోతే సరుకు వాపసు తీసుకుంటానని కొన్నవాళ్లకి మాటిచ్చాడు. ఆ మాట నిలవాలంటే లోపమున్న కప్పు గేటు దాటకూడదు కదా! అందుకే ఒక్కో పనివాడికి ఒక్కో పనిలో తర్ఫీదు ఇప్పించాడు. బట్టీ వేడి కొలిచే పైరోమీటరు తనే కనిపెట్టాడు. వంకర పాత్ర కనబడితే చెక్కకాలితో పగలగొట్టేవాడని చెప్పుకుంటారు. 1795లో చనిపోయాడు.

పొద్దున్నే టేపు విప్పేశాను. సోల్డరింగ్‌కి రెండు గంటలు పట్టింది.