లెక్కల బాలుడు జార్జి బిడ్డరు

కాగితమును కలమును లేకయే పెద్ద సంఖ్యలను గుణించి చెప్పువారిని జూచి, అది దైవదత్తమైన శక్తి యని జనులు ఆశ్చర్యపడుట అన్ని దేశములందును గలదు. అట్టి శక్తికి ఇంగ్లండున పేరుగన్న జార్జి పార్కరు బిడ్డరు మాత్రము ఈ మాట నంగీకరింపలేదు. తన నేర్పు ఒక పద్ధతియే గాని మహిమ గాదనియు, దానిని బాలురకు నేర్పవచ్చుననియు ఆయన వాదించెను. ఆయన చరిత్రను జూచినచో ఈ వాదము సత్యమే యని మాకు తోచుచున్నది.

బిడ్డరు 1806లో డెవన్ మండలమునందలి మోర్టన్‌హాంప్‌స్టెడ్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి తాపీపనివాడు. అంకెలు వ్రాయుట తెలియకమునుపే అన్న ఆ బాలునకు నూరువరకు లెక్కించుట నేర్పెను. మిగిలినది తానే నేర్చుకొనెను. చిన్న సీసపుగుండ్లను వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలుగా పేర్చి, ఎనిమిదెనిమిదులు అరువదినాలుగని కనుగొనెను. మన బడులలో పిల్లలు ఎక్కములను గొంతెత్తి వల్లింతురు. ఈ బాలునకు ఎక్కము కంటికి గనబడు వస్తువు. ఎదురింటి కమ్మరి కొలిమికడ కూర్చుండి, వచ్చినవా రడిగిన లెక్కలకు బదులు చెప్పి చిల్లర డబ్బులు సంపాదించుచుండెను.

ఆ డబ్బులు తండ్రి కంటబడెను. తాపీపనికన్న కుమారుని ప్రదర్శించుటయే లాభమని యెంచి ఆయన ఊరూర త్రిప్పసాగెను; కొందరు బడిలో చేర్పించినను మరల తీసికొనిపోయెను. పేద తండ్రిని నిందించుట సులభమే. అయినను బిడ్డ నేర్పునే బిడ్డ చదువునకు అడ్డుపెట్టుట దోషమని మా యభిప్రాయము. ఎడింబరోలో సర్ హెన్రీ జార్డైన్ మొదలగు పెద్దలు కలుగజేసికొని విశ్వవిద్యాలయమున చదివింపకున్నచో, ఆ బుద్ధి సంతలలో వినోదముగనే ముగిసియుండెడిది. పిమ్మట బిడ్డరు ఆ విశ్వవిద్యాలయముననే జార్డైను పేర ఒక విద్యార్థివేతనము నెలకొల్పెను.

1856లో లండనునందలి సివిల్ ఇంజనీర్ల సంస్థలో ఆయన తన పద్ధతిని వివరించెను. కాగితముపై మనము ఒకట్ల స్థానమునుండి గుణింతుము. ఆయన పెద్ద స్థానమునుండి గుణించును. 173ను 397చే గుణింపవలెననుకొందము. నూరు రెట్లు 39,700. డెబ్బది మున్నూరులు 21,000, కలుపగా 60,700. డెబ్బది తొంబదులు 6,300, కలుపగా 67,000. డెబ్బది యేడులు 490, కలుపగా 67,490. ఇట్లే మూడు మున్నూరులు, మూడు తొంబదులు, మూడేడులు వరుసగా కలుపగా 68,681 వచ్చును. మెట్టు దాటినంతనే వెనుకటి సంఖ్యను మరచిపోవచ్చును. మనస్సున నిలుపవలసినది ఒక్క మొత్తమే. నోటిలెక్కలో బరువు గుణకారము గాదు, జ్ఞాపకము. 397ను మూడు తక్కువ నాన్నూరుగా జూచి, 69,200 నుండి 519 తీసివేసిన ఇంకను త్వరగా తేలునుగదా యని మా పాఠకులలో లెక్కలరు లనవచ్చును. నిజమే. ఆ యుపాయము కొన్ని సంఖ్యలకే. బిడ్డరు పద్ధతి యన్నిటికిని చెల్లును.

చదువు ముగిసిన పిదప ఆయన రాబర్టు స్టీఫెన్‌సనుతో గూడి రైలుమార్గములు వేయించెను. 1855లో తెరచిన లండను విక్టోరియా రేవునకు ఇంజనీరుగా నుండెను. 1860లో ఇంజనీర్ల సంస్థకు అధ్యక్షుడయ్యెను. పార్లమెంటు సంఘములయెదుట సాక్ష్యమిచ్చునపుడు ప్రతిపక్షపు లెక్కలలోని తప్పులను అక్కడికక్కడే పట్టుచుండుటచే, ఆయనను గదిలో నుండనీయరాదని ఒక న్యాయవాది అభ్యంతరము చెప్పెనట!

1878 సెప్టెంబరులో, మరణమునకు రెండుదినముల ముందు, చూడవచ్చిన మిత్రునితో కాంతినిగూర్చిన ప్రసంగము వచ్చెను. కాంతివేగము సెకనునకు 1,90,000 మైళ్లనియు, ఎఱ్ఱని కాంతితరంగములు అంగుళమునకు 36,918 అనియు గొన్నచో, ఒక్క సెకనులో కంటిని తాకు తరంగము లెన్ని? మిత్రుడు పెన్సిలు తీసెను. అది యక్కరలేదని వారించి, బిడ్డరు పడకమీదనుండియే బదులు చెప్పెను: 44,44,33,65,12,00,000.