బ్రౌను దొర బంగళా

కృష్ణగిరి ప్రాంతానికి పూర్వం బారామహల్ అని పేరు. 1792లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు, రీడ్ దొరకు సహాయకుడుగా ఇక్కడి పల్లెలన్నీ తిరిగి భూముల లెక్కలు కట్టినవాడు థామస్ మన్రో. ఆయనే 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. ప్రజల భాష రానివాడు ప్రజలను పాలించలేడని ఆ ఏడాది కంపెనీ కళాశాలలోని యువోద్యోగులకు ఆయన చేసిన ఉద్బోధ ఒక యువకుని హృదయంలో నాటుకొన్నది. ఆ యువకుడే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. 1817లో మద్రాసు చేరిన బ్రౌన్, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820 ఆగస్టులో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. కచేరీలో నిత్యం వినవచ్చే తెలుగు ఆయనను ఆకర్షించింది. పేదపిల్లల కొరకు తన ఖర్చుతో ఉచిత పాఠశాలలు కూడ నడిపాడు.

ఆనాడు తెలుగు కావ్యాలు చాలావరకు తాటాకులకే పరిమితమై యుండేవి. ఆకులు పురుగుపట్టి శిథిలమగుచుండెను. ఒక ప్రతికి మరొక ప్రతి వ్రాసేటప్పుడు తప్పులు చేరేవి. బ్రౌన్ కడపలో పదిహేను ఎకరాల తోటతో కూడిన బంగళా కొని, దానిని పండితుల కార్యశాలగా మార్చాడు. ఊరూర వెదకించి ఒక్కొక్క గ్రంథానికి పలు ప్రతులు తెప్పించేవాడు. పండితులు వాటిని సరిపోల్చి పాఠం నిర్ణయిస్తే, లేఖకులు కాగితాలపై శుద్ధప్రతులు సిద్ధపరచేవారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఈ పనులకు పర్యవేక్షకుడు. జూలూరి అప్పయ్యశాస్త్రి వంటి విద్వాంసులు కావ్యాలకు వ్యాఖ్యలు సమకూర్చారు. జనం ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అని పిలిచేవారు. జీతాలన్నీ ఆయన సొంత సొమ్ములోనివే. అందుకై అప్పులపాలైనా వెనుదీయలేదు.

వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో అచ్చువేయించాడు. 1840లో తెలుగు వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. సేకరించిన వ్రాతప్రతులను మద్రాసులోని సాహిత్య సంఘానికి అప్పగించగా, అవి తదుపరి అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరినవి. ఉద్యోగ విరమణానంతరం లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా పనిచేశాడు. అవివాహితుడుగానే జీవించి, 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశాడు.

కాలక్రమాన కడప బంగళా ఆలనాపాలనా లేక కూలిపోయింది. మొండిగోడలు మాత్రం మిగిలినవి. బ్రౌన్ చేసిన సేవ పుస్తకాలలో నిలిచినా, ఆ సేవకు ఆశ్రయమిచ్చిన చోటు ముళ్లపొదల పాలైంది. ఆ దుస్థితిని చూచి చలించిన అధ్యాపకుడు జానమద్ది హనుమచ్ఛాస్త్రి. కడప జిల్లా రచయితల సంఘం అండతో ఇంటింటికీ, ఊరూరికీ తిరిగి చందాలు పోగుచేశాడు. ఆ స్థలంలోనే 1987లో గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన జరిగింది. పాత గోడలను యథాతథంగా నిలబెట్టడం సాధ్యం కాలేదు గాని, ఆ ఇంటి పని మాత్రం తిరిగి ఆరంభమైంది. పుస్తకాలు, తాళపత్రాలు మరల ఆ చోటికి చేరినవి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడిన పిమ్మట ఆ గ్రంథాలయం దాని పరిధిలో భాషా పరిశోధన కేంద్రమైంది. వేమనను లోకానికి చాటిన వాని ఇంటిస్థలం వేమన పేరిట వెలసిన విద్యాలయానికే చెందడం ఎంతయు సముచితం. హనుమచ్ఛాస్త్రి 2014లో పరమపదించే వరకు ఆ గ్రంథాలయమే ఆయన ధ్యాస. జనం ఆయనను బ్రౌన్ శాస్త్రి అనే పిలుచుకొన్నారు.

తెలుగు మాతృభాష కాని బ్రౌన్ అప్పుచేసి గ్రంథాలను కాపాడాడు. ధనవంతుడు కాని ఒక ఉపాధ్యాయుడు పదిమంది వద్ద చేయిచాచి ఆ చోటును నిలిపాడు. తెలుగు నాడుకు వెలుపల తెలుగులో చదువుకొనే బాలబాలికలకు ఈ ఇరువురి చరిత్ర ఒక ధైర్యం. భాష నిలిచేది దాని కొరకు పాటుపడేవారి వల్లనే.