సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్ళిన ప్రతిపక్ష నాయకుడు



పార్లమెంటు పాఠం మొదలుపెట్టగానే పిల్లలు లోక్‌సభ, రాజ్యసభ, సభ్యుల సంఖ్య, పదవీకాలం గడగడా చెప్పేస్తారు. ప్రతిపక్షం ఏం చేస్తుందని అడిగితే మాత్రం, అరుస్తుంది అంటారు. తప్పు వాళ్ళది కాదు. మనం ఇంట్లో పెట్టే న్యూస్ ఛానల్‌లో వాళ్ళకు కనిపించేది అదే. అందుకే ఈ నెల మీకు పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి చెబుతాను. ఆయన కమ్యూనిస్టు నాయకుడు. ఆ పార్టీ అంటే ఇష్టం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ మీలో ఉంటారు. ఆ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఒక ప్రభుత్వాన్ని ఎలా ప్రశ్నించాలో తెలిసిన మనిషిగా ఆయన్ను మీ పిల్లలకు పరిచయం చేయండి.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. బాగా భూములున్న కుటుంబం. ఆరేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. అసలు పేరు సుందరరామిరెడ్డి. తర్వాత పేరు చివర కులాన్ని తీసేసి సుందరయ్య అయ్యారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో చదువు వదిలి ఉద్యమంలోకి దూకారు. పదిహేడేళ్ళకే జైలుకు వెళ్ళారు. మన పిల్లలకైతే అది ప్రవేశ పరీక్షల కోచింగ్ వయసు. జైలు నుంచి వచ్చాక సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. అంటే తన బంధువుల పొలాల్లో పనిచేసేవాళ్ళనే. ఇంట్లో వాళ్ళకు అదెంత కష్టంగా అనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి. అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. 1943లో లీల గారిని పెళ్ళి చేసుకున్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని పిల్లలు వద్దనుకున్నారు ఆ దంపతులు. ఆ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం, ఏళ్ళ తరబడి అజ్ఞాతవాసం. 1951 అక్టోబరులో పార్టీ ఆ పోరాటాన్ని విరమించింది.

ఆరు నెలలు తిరగకుండానే, 1952 ఏప్రిల్‌లో, ఆయన మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు ఎన్నికయ్యారు. అప్పటికింకా దాన్ని కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్ అనేవారు. రాజ్యసభ అన్న పేరు 1954లో వచ్చింది. అధ్యక్ష స్థానంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. నిన్నటిదాకా పోలీసులు వెతికిన మనిషి కమ్యూనిస్టు పక్షం నాయకుడిగా ఆ సభలో లేచి మాట్లాడటం మొదలుపెట్టారు. లోక్‌సభలో ఏ.కె.గోపాలన్ గారు ఇదే పని చేసేవారు. వీళ్ళెవరికీ ప్రతిపక్ష నాయకుడన్న అధికారిక హోదా లేదు. జీతభత్యాల చట్టం 1977లో గానీ రాలేదు. సుందరయ్య గారు సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్ళేవారన్న మాట మీరు వినే ఉంటారు. నిజమే, కానీ చాలామంది ఆయన గురించి అదొక్కటే చెప్పి ఆపేస్తారు. నాకు ఆ సైకిల్ కన్నా, సభలోకి వెళ్ళాక ఆయన చేసిన పని ముఖ్యంగా కనిపిస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పిల్లల పుస్తకంలో ఇది ఉండదు. సభ్యుడు మంత్రిని ఒక ప్రశ్న అడగాలంటే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్న అయితే మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబును శాఖ అధికారులు ఫైళ్ళు తిరగేసి తయారుచేసి ఇస్తారు. కాబట్టి మొదటి జవాబు ఎప్పుడూ ముస్తాబై వస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఆ జవాబు మీద సభ్యుడు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయవచ్చు. మంత్రి చెప్పిన అంకె పోయిన ఏడాది బడ్జెట్ పుస్తకంలోని అంకెతో కలవడం లేదని ఆ క్షణంలో గుర్తుపట్టగలిగితేనే అది ప్రశ్న. లేకపోతే ఉపన్యాసం. మంత్రి వెనుక మొత్తం శాఖ ఉంటుంది. ప్రతిపక్ష సభ్యుడి వెనుక లైబ్రరీ, పేపర్లు, ఊళ్ళలో జనం చెప్పిన మాటలు, అంతే. ఆదోని యార్డులో పత్తి అమ్మే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాటా ఎవరిదైనా, చీటీలో అంకె చూసుకోకుండా ఆయన కదలడు కదా.

సుందరయ్య గారికి పేరు తెచ్చింది ఈ అంకెల అలవాటే. బడ్జెట్ పద్దులు, భూముల లెక్కలు, ముఖ్యంగా సాగునీటి ప్రాజెక్టులు ఆయన శ్రద్ధగా చదివిన విషయాలు. కృష్ణా, గోదావరి నీళ్ళను ఎలా వాడుకోవచ్చో ఇంజనీరు కాకపోయినా ఇంజనీరులా అధ్యయనం చేశారు. ఎల్లెల్సీ కాలువ చివరికి నీళ్ళు వస్తాయా రావా అని ఏటా ఎదురుచూసే మనకు, ఒక నాయకుడు క్యూసెక్కుల లెక్క తెలుసుకుని మాట్లాడటం ఎంత అవసరమో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన ఢిల్లీలో ఉన్న రోజుల్లోనే మన ఊళ్ళ చిరునామా కూడా మారింది. మీ తాతయ్యల కాలం నాటి దస్తావేజులు ఉంటే ఒకసారి తీసి చూడండి, ఆదోని తాలూకా, బళ్ళారి జిల్లా అని ఉంటుంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ఆత్మార్పణ చేశాక ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని కేంద్రం ఒప్పుకుంది. 1953లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ప్రకారం బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. తెలుగువాళ్ళందరికీ ఒకే రాష్ట్రం ఉండాలని సుందరయ్య గారు అంతకు చాలా ముందే, 1946లోనే, విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాశారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. కొత్త రాష్ట్రానికి రాజధాని విజయవాడ కావాలన్నది ఆయన పార్టీ వాదన, కర్నూలు కాదు. మన సీమవాళ్ళకు ఆ వాదన రుచించదు, నాకూ రుచించదు. శ్రీబాగ్ ఒప్పందం మాట ప్రకారం చివరకు కర్నూలే రాజధాని అయింది. 1953 అక్టోబరు 1న నెహ్రూ గారు వచ్చి ప్రారంభించారు. ఇళ్ళు చాలక ఆఫీసులను డేరాల్లో పెట్టారు.

1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. ఈసారి కమ్యూనిస్టులే గెలుస్తారని దేశమంతా అనుకుంది. ఫలితం చూస్తే 196 సీట్లలో వాళ్ళకు దక్కినవి 15. అంతకు మూడేళ్ళ ముందు ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో 41 గెలిచిన పార్టీ అది. సుందరయ్య గారు మాత్రం గన్నవరం నుంచి గెలిచారు. రాజ్యసభ వదులుకుని, తాము వద్దన్న రాజధాని కర్నూలుకే వచ్చి, పదిహేను మందికి నాయకుడిగా ప్రతిపక్షంలో కూర్చున్నారు. ఎదురుగా ముఖ్యమంత్రి బెజవాడ గోపాలరెడ్డి గారు. ఆయనదీ నెల్లూరు జిల్లాయే, బుచ్చిరెడ్డిపాలెం.

నాకు ఆయన జీవితంలో బాగా నచ్చే ఘట్టం ఇదే. గెలుస్తామనుకున్నది పోయింది. ఓటింగ్ పెడితే ఓడిపోతామని ప్రతిసారీ ముందే తెలుసు. అలాంటప్పుడు బిల్లు చదవడం ఎందుకు, పద్దులు కూడటం ఎందుకు అని చాలామందికి అనిపిస్తుంది. ఆయన చదివే వచ్చేవారు. ఓటు వేయడంలో ఓడినా, మంత్రి సభలో ఇచ్చిన జవాబు రికార్డులో ఉండిపోతుంది. రేపు ఎవరైనా దాన్ని తీసి అడగవచ్చు. సభా కార్యక్రమాలను అక్షరం అక్షరం రాసి అచ్చు వేయించేది అందుకే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్ వెళ్ళింది. ఆయన 1967 దాకా శాసనసభలో ఉన్నారు. మళ్ళీ 1978 నుంచి 1983 దాకా గన్నవరం సభ్యుడిగా పనిచేశారు. మధ్యలో 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎంకు తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1972లో తెలంగాణ పోరాట చరిత్రను పెద్ద పుస్తకంగా తెచ్చారు.

ప్రభుత్వాన్ని నిలదీసేవాళ్ళు సొంతవాళ్ళను నిలదీయరని మనకో అనుభవం ఉంది. ఎమర్జెన్సీ కాలంలో పార్టీ పట్టిన దారి, ముఖ్యంగా జనసంఘ్‌తో కలిసి నడవడం, సుందరయ్య గారికి సరికాదనిపించింది. తన అభ్యంతరాలన్నీ వివరంగా రాసి 1976లో ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చారు. పార్టీ మాత్రం వదల్లేదు. ఆ రాజకీయ నిర్ణయం సరైనదా కాదా అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన విషయం. తమ పార్టీ అత్యున్నత పదవిని అభిప్రాయభేదం కోసం వదులుకున్నవాళ్ళు మన రాజకీయాల్లో ఎందరున్నారో పెద్ద క్లాసుల పిల్లలతో ఇంట్లో మాట్లాడి చూడండి. మంచి చర్చ అవుతుంది.

ఆయన 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. వాటాగా వచ్చిన ఆస్తి ఎప్పుడో పార్టీకి ఇచ్చేశారు, వారసులు లేరు. మిగిలినవి పుస్తకాలు. ఆయన సేకరించుకున్న ఆ పుస్తకాలు హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో ఉన్నాయి. సెలవుల్లో హైదరాబాద్ వెళ్తే గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియంతో పాటు పిల్లల్ని ఒక పూట అక్కడికీ తీసుకెళ్ళండి.